షామీర్‌పేటలో నేర్చిన విలాయతు భోజనం

విలాయతు వెళ్ళి చదువుకోవాలన్న పిచ్చి నాకు ఎక్కడ పట్టుకుందో తెలియదు కానీ, పట్టుకున్నాక వదల్లేదు. పెద్ద యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు అది. మాది మేడ్చల్ పక్కన గౌడవెల్లి. మా నాయిన బావి కింద మేం రామ్ములక్కాయలు అనే టమాటాలు, సీమ కూరగాయలు పండించి బొల్లారంలోని తెల్లదొరల బంగళాలకు వేసేవాడు. నేను మేడ్చల్‌లో కొన్నాళ్ళు, పట్నంలో కొన్నాళ్ళు చదివాను. చదువంతా ఉర్దూలోనే. మూడు భాషలు వచ్చని ఊళ్ళో గొప్పలు చెప్పుకునేవాణ్ణి. నిజానికి నాకు ఒక భాషలో బువ్వ, ఇంకో భాషలో బడి, మూడో భాషలో పరీక్ష మాత్రమే ఉండేవి. ఇంగ్లీషు చదివితే అర్థమయ్యేది, రాస్తే మార్కులు వచ్చేవి. ఇంగ్లీషు మనిషితో ఒక్క మాట మాట్లాడి ఎరగను.

పశువైద్యం చదవడానికి విలాయతు పంపుతామని, ఖర్చంతా సర్కారే వజీఫాగా ఇస్తుందని కాగితం పడింది. రాత పరీక్ష రాశాను. చివరికి నలుగురం మిగిలాం. పంపేది ఒక్కణ్ణే. వయసు లెక్క ప్రకారం నాకు అదే ఆఖరి ఏడు. ఈసారి తప్పితే ఇక జన్మలో లేదు. ఆఖరి పరీక్షేమో భోజనం. బొల్లారంలో ఒక రిటైరైన తెల్లదొర ఇంట్లో నలుగురినీ మధ్యాహ్నం భోజనానికి పిలిచి, ఎవడు ఆ దేశంలో ఇమడగలడో ఆయన చూస్తాడట. అంతకు ముందు వెళ్ళినవాడెవడో అక్కడి తిండీ తీరూ పడక ఆరు నెలలకే ఓడ ఎక్కి వచ్చేశాడని, అప్పటి నుంచి ఈ ఏర్పాటు చేశారని చెప్పుకున్నారు.

మిగతా ముగ్గురూ పట్నం పిల్లలు. కుర్చీల్లో పుట్టి కుర్చీల్లో పెరిగినవాళ్ళు. మా ఇంట్లో కూర్చునే వస్తువు ఏదైనా ఉందంటే అది నులక మంచం. భోజనానికి పీట కూడా చుట్టాలకే. రెండు నెలలు గడువుంది. నేను తలపట్టుకుని కూర్చుంటే మా నాయిన తాపీగా బీడీ ముట్టించి, షామీర్‌పేట సాయిబు ఉండగా ఎందుకు రంది అన్నాడు.

ఆ సాయిబు బొల్లారం బంగళాల్లో ముప్పై ఏళ్ళు ఖాన్సామాగా చేసినవాడు. వంట చేయడం, మేజ మీద వడ్డించడం, ఎత్తేయడం అంతా ఆయన చేతి మీదే. ఇరవై ఏళ్ళు మా నాయిన బుట్టలోంచి రామ్ములక్కాయలు ఒక్కొక్కటీ నొక్కి చూసి ఏరుకున్న మనిషి. వయసు మీద పడ్డాక షామీర్‌పేటలో తన ఇంటికి వచ్చేసి, చెరువు చేపలు, నాలుగు కోళ్ళు, అయిదు పూటల నమాజుతో కాలం గడుపుతున్నాడు. ఆయనకు పిల్లలు లేరు, భార్య ఎప్పుడో పోయింది. నేను చాచా అని పిలిచేవాణ్ణి.

వారానికి మూడు రోజులు అడిగి తెచ్చుకున్న సైకిలు మీద మేడ్చల్ దాటి షామీర్‌పేట వెళ్ళేవాణ్ణి. మొదటి రోజు వెళ్ళేసరికే ముసలాయన బడి తయారు చేసి పెట్టాడు. రెండు ఇటుక దిమ్మెల మీద పాత తలుపు రెక్క పరిచాడు. దాని మీద ఉతికిన తెల్ల ధోవతి. కుర్చీ మాత్రం అసలైనదే. ఊరికి పోతూ ఎవరో దొర వదిలేసిన మడత కుర్చీ, ఒక కాలికి తాడు కట్టి ఉంది. రెండు పళ్ళేలు, రెండు ఛురీలు, రెండు కాంటాలు కూడా సంపాదించాడు. ఛురీ అంటే కత్తి, కాంటా అంటే నాలుగు ముళ్ళున్న చెంచా. ఒక కాంటాకు ఒక ముల్లు వంగి ఉండేది.

మాంసం బదులు ఉడకబెట్టిన మొరంగడ్డ, అదే చిలగడదుంప. సూపు బదులు పలచటి సల్ల, అంటే మజ్జిగ. వాళ్ళు తినే పచ్చ గింజల బదులు ఉడికిన బొబ్బెర్లు. ఆ బొబ్బెర్లు నన్ను ఏడిపించినంత లెక్కల మాస్టరు కూడా ఏడిపించలేదు. కాంటా వంపు కిందికి ఉండాలట, గింజలు దాని వీపు మీద నిలబడాలట. పైకి తిప్పితే గుంటలో చక్కగా నిలుస్తాయి కదా, ఎందుకు తిప్పకూడదని అడిగాను. ఎందుకు అని అడగడం నాకు పుట్టుకతో వచ్చిన రోగం. ఛురీ కుడి చేతిలోనే ఎందుకు? సల్ల తాగుతుంటే పళ్ళేన్ని మన వైపు కాకుండా అవతలికి వంచడం ఎందుకు? అన్నింటికీ ఆయన దగ్గర ఒకటే జవాబు. వాళ్ళు గట్లనే తింటరు బిడ్డా, నాకేమెర్క అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. కారణం తెలియకుండా ఒక పనిని ముప్పై ఏళ్ళు ఎలా చూస్తూ ఉండిపోయాడని లోపల్లోపల తీసిపారేసేవాణ్ణి. కాలేజీ గాలి తగిలిన కొత్త కదా.

ఇంట్లోనూ సాధన చేసేవాణ్ణి. చప్పుడు కాకుండా చారు తాగుతుంటే అవ్వ నన్ను పట్టి పట్టి చూసి, చప్పుడు లేకుండా తాగితే రుచి ఎలా తెలుస్తుందని, పిల్లి పాలు తాగినట్టుందని దెప్పేది. నాకు జ్వరమేమోనని మా అమ్మ నుదురు కూడా పట్టి చూసింది.

ముసలాయన ఇంగ్లీషు నాకు నవ్వు తెప్పించేది. యెస్ సార్, రెడీ సార్, వెరీ గుడ్ సార్. అంతకు మించి పది మాటలు ఉండేవో లేవో. కానీ ఆయనకు ఇంకో భాష వచ్చు, అది నాకు రాదని రెండో వారంలో తెలిసింది. ఛురీ, కాంటా పళ్ళెంలో ఇంటికప్పులా విడివిడిగా వాల్చి పెడితే ఇంకా తింటున్నానని అర్థం. రెండూ పక్కపక్కన చేర్చి పెడితే అయిపోయింది, తీసేయమని. ఒళ్ళో పరుచుకున్న గుడ్డ తీసి మేజ మీద పెడితే లేవబోతున్నారని. చెంచా కప్పులో వదిలితే ఒకటి, సాసరులో పెడితే ఇంకొకటి. దొరలు పొట్లాడుకున్నా, విసిగినా, మొహమాటానికి ఇష్టంలేనిది తింటున్నా పళ్ళెం చెప్పేస్తుందనేవాడు. నోరు తెరవకుండా ఇన్ని మాటలు మాట్లాడుకునే జాతి ఉందని తెలిసి నాకు భలే కుతూహలం పుట్టింది. మా ఇళ్ళలో వద్దంటే విస్తరి మీద చేయి అడ్డం పెట్టాలి, అయినా పెట్టేవాళ్ళు పెట్టేస్తారు.

ఆ భాష నేర్పడానికి ఆయన ఒక పద్ధతి కనిపెట్టాడు. నా ఎదుట రెండో పళ్ళెం పెట్టేవాడు. అక్కడ ఎవరూ ఉండరు, దొరసాని కూర్చుందనుకోవాలి. నేను నా మొరంగడ్డతో కుస్తీ పడుతుంటే, ఆయన వెనకనుంచి వచ్చి చప్పుడు లేకుండా ఎదుటి పళ్ళెంలోని ఛురీ, కాంటా కదిలించి పోయేవాడు. నేను ఓరకంట కనిపెట్టాలి. రెండూ ఒకచోట చేరాయా, నేను వెంటనే లేచి, దొరసాని కుడి పక్కగా వెళ్ళి, బొటనవేలు లోపల తగలకుండా పళ్ళెం ఎత్తాలి. విడివిడిగా ఉంటే కదలకూడదు. నన్ను మోసం చేయడానికి సగం చేర్చి ఆపేవాడు. నేను ఒక్కసారి కూడా పొరపడలేదు. అంత చురుకైన శిష్యుణ్ణి ఆయన ఎప్పుడూ చూడలేదట. ఆ మాటకు నేను ఉబ్బిపోయేవాణ్ణి.

ఒకరోజు రామ్ములక్కాయలు ఇవ్వడానికి మా నాయిన అటే వచ్చి, నేను లేచి పళ్ళెం ఎత్తడం చూశాడు. మొహం ఎర్రబడింది. ఒకరి ఎంగిలి పళ్ళెం ఎత్తడమేమిటని దారి పొడుగునా చీవాట్లు పెట్టాడు. తల్లో, పెళ్ళామో, జీతగాడో తప్ప ఇంకొకరి ఎంగిలి ఎవరు తీస్తారన్నాడు. విలాయతులో ఎంగిలి అనేదే లేదని, అక్కడ ఎవరి పళ్ళెమైనా ఎవరైనా తీస్తారని నేను దబాయించాను. నాకెలా తెలుసని అడిగితే చాచా నేర్పాడు కదా అన్నాను. ఆయన బంగళాల్లో ముప్పై ఏళ్ళున్న మనిషి, మా నాయిన మాట అక్కడితో ఆగిపోయింది. నేను గెలిచాననుకున్నాను.

భోజనం రోజు రానే వచ్చింది. పట్నంలో కుట్టించిన కోటు వేసుకుని గౌడవెల్లి స్టేషనులో బండెక్కి బొల్లారంలో దిగాను. బంగళా వరండాలో మిగతా ముగ్గురూ అప్పటికే నవ్వుతూ నిలబడి ఉన్నారు. దొర ఎర్రటి మనిషి, మీసం తెల్లగా ఉంది. దొరసాని సన్నగా, కొంచెం వంగి ఉంది. నన్ను ఆమె ఎడమ పక్కన కూర్చోబెట్టారు. మాకు వడ్డించడానికి ఒక ముసలి బేరా ఉన్నాడు, ఆయన నడక మెల్లన.

సూపు గండం గడిచింది. దొర గొర్రెల జబ్బుల గురించి అడిగితే, గౌడవెల్లిలో గాలికుంటు వచ్చినప్పుడు మేం ఏం చేస్తామో చెప్పాను. ఇంగ్లీషు తడబడింది కానీ విషయం తడబడలేదు. ఆయన ముందుకు వంగి ఇంకా ఇంకా అడిగాడు. మాంసం వచ్చింది, దానితో పచ్చ గింజలూ వచ్చాయి. అవి కాంటా వీపు మీద బుద్ధిగా కూర్చున్నాయి. ఈసారి విలాయతు నాదే అనుకున్నాను.

ఇంతలో దొరసాని ఛురీ, కాంటా పక్కపక్కన చేర్చి పెట్టింది.

నేను ఆలోచించలేదు. ఆలోచిస్తే లేచేవాణ్ణే కాదు. కాళ్ళు వాటంతటవే లేచాయి. ఆమె కుర్చీ వెనకగా కుడి పక్కకు వెళ్ళాను, బొటనవేలు లోపల తగలకుండా పళ్ళెం ఎత్తాను. దొరసాని థాంక్యూ అంది. పట్నం పిల్లల్లో ఒకడు గుడ్డలో మూతి దాచుకుని నవ్వాడు. పళ్ళెం చేతిలో ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో నాకు ఎవరూ నేర్పలేదు. షామీర్‌పేటలో అయితే చాచా అందుకునేవాడు. చివరికి ముసలి బేరా మెల్లగా వచ్చి, ఇటివ్వండి హుజూర్ అని ఉర్దూలో గుసగుసగా అని నా చేతిలోంచి తీసుకున్నాడు. ఆయన చేతిలోకి వెళ్ళాకే నాకు అర్థమైంది, నేను ఎత్తింది ఆయన పళ్ళెం. నేను రెండు నెలలు నేర్చుకున్నది ఆయన పని.

తర్వాత ఏదో తీపి పెట్టారు. నేను ముట్టలేదు. దొర ఇంకేదో అడిగాడు, ఏం చెప్పానో గుర్తులేదు. తిరిగి బండిలో వస్తుంటే చెవులు మండుతూనే ఉన్నాయి. ఆ నలుగురిలో ఒక్కణ్ణి పంపుతారు, ఆ ఒక్కడూ ఎంగిలి పళ్ళేలు ఎత్తేవాడు మాత్రం కాదు. ఇంట్లో భోజనం ఎలా జరిగిందని అడిగితే బాగానే జరిగిందని చెప్పి పడుకున్నాను. మా నాయిన మొహం చూడలేకపోయాను.

పొద్దున్నే సైకిలు తీసి షామీర్‌పేట బయల్దేరాను, ముసలాయన్ని నాలుగు దులిపేయడానికి. దారంతా ఏ మాట ముందు అనాలో, ఏది తర్వాత అనాలో పేర్చుకుంటూ పోయాను. కోపం వస్తే మాటలు బాగా కుదురుతాయి నాకు.

ఆయన గుమ్మం ముందు గొంతుక్కూర్చుని చేపల పొలుసు తీస్తున్నాడు. నన్ను చూడగానే మొహం విప్పారింది, ఎట్లయిందని అడిగాడు. నిలబడే అంతా చెప్పాను. నవ్వినవాడి సంగతి, ముసలి బేరా సంగతి, అన్నీ. చివరికి నోరు జారాను.

“చాచా, నువ్వు నాకు తినుడు నేర్పలే. నౌకరీ నేర్పినవ్.”

ఆయన చేతిలో చేప అలాగే ఉండిపోయింది. కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే ఇంకో పది మాటలు సిద్ధంగా ఉన్నాయి.

“నాకొచ్చింది గదే గద బేటా,” అన్నాడు. “ముప్పై ఏండ్లు గా మేజ కాడ నిలవడ్డ గని ఒక్కనాడు కూసోలే. కుర్చీ ఎనుక నుంచి ఏం కనవడితె గదే నేర్పిన. కూసున్నోనికి ఎట్ల కనవడ్తదో నాకేమెర్క.”

నేను పేర్చుకున్న మాటలన్నీ ఎక్కడివక్కడ రాలిపోయాయి. కారణాలు తెలియని మనిషని రెండు నెలలు ఆయన్ని లోపల ఎగతాళి చేసినవాణ్ణి, ఇంత చిన్న సంగతి నాకే తట్టలేదు. సిగ్గేసింది. అక్కడే అరుగు మీద కూలబడ్డాను. ఆయన మళ్ళీ పొలుసు తీయడం మొదలుపెట్టాడు. కాసేపయ్యాక, పళ్ళెం ఎత్తినప్పుడు దొరసాని ఏమందని అడిగాడు.

థాంక్యూ అందని చెప్పాను.

“ఎట్లన్నది? పల్లెం దిక్కు జూస్కుంట అన్నదా, నీ మొకం దిక్కు జూసా?”

ఇదేం ప్రశ్న అని విసుక్కోబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయాను. కళ్ళు మూసుకుని గుర్తుచేసుకున్నాను. ఆమె కుర్చీలో వెనక్కి తిరిగింది. మెడ ఎత్తింది. నా మొహమే చూసింది, కొంచెం ఆశ్చర్యంగా. చూశాకే ఆ మాట అంది. అదే చెప్పాను. బాగా యాది చేసుకో అని రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ అదే చెప్పాను.

ఆయన చేప పక్కన పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

“గట్లయితె నువ్వు పోతవ్. నౌకరు అనుకుంటె సూడదు. థాంక్యూ మాకు గూడ మస్తు జెప్తరు, దినాం ఇరవై సార్లు జెప్తరు. గని తలకాయ ఎత్తరు. ముప్పై ఏండ్లల్ల నాకు ఒక్కలు ఎత్తలే.”

ఆ మాట ఆయన బాధగా అనలేదు. పళ్ళెం చూసి ఇంకా తింటున్నారో అయిపోయిందో చెప్పినట్టే చెప్పాడు. నా పని గట్టెక్కిందన్న సంతోషం ఆయన మొహమంతా కనిపించింది.

ఆయన అన్నట్టే అయింది. మూడు వారాలకు కాగితం వచ్చింది. పళ్ళెం సంగతి చూసే పంపారో, గొర్రెల సంగతి విని పంపారో ఈనాటికీ నాకు తెలియదు. అక్కడికి వెళ్ళాక వాళ్ళ మాట మొదటి నెల ఒక్క ముక్క అర్థం కాలేదు. పుస్తకాల్లో ఉన్న ఇంగ్లీషు వేరు, నేను చేరిన కొండ ప్రాంతం వాళ్ళు నోట్లో నమిలి మింగే ఇంగ్లీషు వేరు. కానీ నేనున్న ఇంటి ముసలమ్మ తిండి సగంలో వదిలేసిందంటే కొడుకు దగ్గర్నుంచి ఉత్తరం రాలేదని పట్టేసేవాణ్ణి. ఎలా తెలిసిందని ఆమె ఆశ్చర్యపోతే, ఒక పెద్దమనిషి నేర్పాడని చెప్పడానికి అప్పట్లో నాకు సరిపడా మాటలు లేవు. ఆ మాటలు వచ్చాక చెప్పాను.

అదంతా తర్వాతి మాట. ఆ పొద్దున నేను సైకిలు ఎక్కబోతుంటే చాచా మళ్ళీ పిలిచాడు. అడగాలా వద్దా అని తటపటాయించాడు. తెల్లబడిన గడ్డం గోక్కున్నాడు. చుట్టూ ఎవరూ లేకపోయినా గొంతు తగ్గించాడు.

“బేటా, ఒక మాట అడుగుత, నవ్వొద్దు. నీ దిక్కు జూసింది గద, గా దొరసాని కండ్లు ఏ రంగున్నయ్? నీలంగ ఉంటయంటరు, నిజమేనా?”

నాకు మొదట అర్థం కాలేదు. ముప్పై ఏళ్ళు వాళ్ళకు మూడు పూటలా అన్నం పెట్టిన మనిషి నన్నడుగుతున్నాడు. అదే అన్నాను. తలెత్తి దొరసాని మొహం చూస్తే బేఅదబీ అని, అమర్యాదని, పని పోతుందని, ఖాన్సామా చూపు ఎప్పుడూ పళ్ళెం మీదే ఉండాలని ఆయన చెప్పాడు. పనిలో చేరిన మొదటి రోజే నేర్పిన మాట అదేనట.

తేనె రంగులో ఉన్నాయని చెప్పాను.

ఆయన చేప చేతిలోకి తీసుకుని నీళ్ళలో కడగడం మొదలుపెట్టాడు.

“నేను అందరియి నీలమే అనుకున్న,” అన్నాడు.